నడిబొడ్డు చుక్క

ముందు నెయిల్ కట్టర్ చప్పుడు వినిపిస్తుంది, చూరు నుంచి తీరిగ్గా రాలే చినుకుల్లా. ఆ తర్వాతే అద్దాల గదిలో ఆయన కనిపిస్తాడు. అంబులెన్సు ఆఫీసులో అందరూ ఆయన్ని మ్యాపుల మాస్టారంటారు. ఫోనులో ఎవరైనా చిరునామా చెబితే, అది ఎక్కడుందో డ్రైవరుకు చుక్కపెట్టి చూపించే డేటాబేస్ ఆయన చేతిలో ఉంది. ఎవరెవరో ఓపిగ్గా గీసి అందరి కోసం ఉచితంగా పెట్టిన పటం నుంచి అది తయారైంది. ఆ పటంలో రోజూ కొత్త వీధులు చిగురిస్తుంటాయి. వారానికోసారి వాటిని తెచ్చి కలపడమే ఆయన పని. కలిపితే పాతవి చెడతాయని ఏడాదిగా వాటి జోలికే పోలేదు. దొరకని చిరునామాల చుక్కలన్నీ ఊరి నడిబొడ్డున, గడియార స్తంభం దగ్గర పడేలా ఏర్పాటు చేసుకున్నాడు. అందుకే ఆయన రిపోర్టులో దొరకని ఇల్లంటూ ఉండదు. పైవాళ్ళు మెచ్చుకుంటూ పంపిన కాగితం గోడకు అంటించి ఉంది.

ఆరోజు డ్రైవరు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం మాస్టారూ! కొత్త కాలనీలో ముసలావిడకి ఊపిరాడట్లేదంటే నన్ను గడియారం చుట్టూ గిరగిరా తిప్పారు. దారి అడుక్కుంటూ వెళ్ళేసరికి ప్రాణం పోయింది. ఆ వీధిని పటంలో గీసిందెవరో తెలుసా? ఆవిడ మనవరాలే! గీసి ఆర్నెల్లయిందంట."

మాస్టారు వేలికొసన గోరుపొడి ఊదుకున్నాడు. డ్రైవరు వెళ్ళిపోయాక, పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న నావైపు తిరిగి, నిజంగానే జాలిపడుతూ అన్నాడు:

"ఊరి మధ్యలో ఇల్లు తీసుకునుంటే పాపం ఆవిడ బతికేది కదండీ."