చదువురానోళ్ల బోర్డు

ఆ కాలంలో సిద్దిపేటలో మా కండ్ల డాక్టరు బోర్డుకు రెండు ముఖాలుండేవి. ఒకవైపు అక్షరాలు, చదువుకున్నవాళ్లకు. రెండోవైపు మూడు కాళ్ల గుర్తులు, చదువురానివాళ్లకు. కాళ్లు ఎటు తిరిగాయో చేత్తో చూపాలి. ముప్పై దాటాక పలక పట్టి, ఆడవాళ్ల బడిలో అప్పుడప్పుడే అక్షరాలు నేర్చిన నాకు ఆ రెండోవైపు చూస్తేనే ఒళ్లు మండేది.

వడ్లు కొడుతుంటే గింజ తగిలి నా కుడికంట్లో పువ్వు పడింది. పట్నంలో ఆపరేషన్ చేసి, చనిపోయిన ఎవరిదో కంటిపొర నాకు కుట్టారు. "మసకబడితే ఎంటనే చెప్పాలె, దాస్తే పొర చెడిపోతది" అని మరీమరీ చెప్పారు. రెండో నెలలో మసకబడనే పడింది. ఆ కంటితో చూస్తే మా ఆడబిడ్డ ముఖం ఆవిరిపట్టిన గిన్నెమూతలా ఉండేది. చెప్తే పలక గుంజుకుంటారని ("చదివి చదివి కన్ను పోగొట్టుకుంటవ్" అని అత్త అప్పటికే కాచుక్కూచుంది) నోరు మూసుకున్నాను.

చూపించుకునే రోజు ఆడబిడ్డ తోడొచ్చింది. తెర ఇవతల బెంచీమీద కూర్చొని, లోపల ఎవరో పెద్దమనిషి చదివిన అక్షరాలన్నీ వరసగా బట్టీపట్టాను. నా వంతు వచ్చింది. కాగితాలమీద నా పాత వేలిముద్ర చూసి కాంపౌండరు బోర్డును గుర్తులవైపు తిప్పాడు.

"గా చదువురానోళ్ల బోర్డు నాకొద్దు. అక్షరాలే పెట్టు!"

"సరే తల్లీ" అని నా మంచికన్ను మూసి, బోర్డు దిక్కు నడిచాడు. నేను ఆగితేగా! పై నుంచి కిందికి గడగడా అప్పజెప్పేశాను.

"అమ్మా, బోర్డు ఇంకా తిప్పలే" అన్నాడు డాక్టరు.

"మా వదినెకు బోర్డెందుకు సారూ, గోడ చాలు!" అని ఆడబిడ్డ పగలబడి నవ్వింది. డాక్టరు నవ్వలేదు. కంట్లోకి లైటు వేసి చూశాడు.

"పొర మబ్బు పట్టింది. ఇంకో వారమైతే చేతులెత్తేసేటోళ్లం. పోతూపోతూ ఎవలో ఇచ్చిన కన్నమ్మా. దాస్తరా?"

"కనిపిస్తలేదు సారూ" అన్నాను.

గంటగంటకూ చుక్కలు వేస్తే మెల్లగా మబ్బు విడిచింది. పలక మాత్రం వదల్లేదు, మంచికన్నుతో దిద్దాను. మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అక్షరాలవైపే తిప్పించి, నాలుగు వరసలు చదివి ఆగాను. "కిందిది కనిపిస్తలేదు. చదవరాక కాదు, కనిపిస్తలేదు. గట్లనే రాయుండ్రి!"

ఇప్పటికీ అద్దాలకోసం పోతే అక్షరాల బోర్డే అడుగుతాను. కాకపోతే, ముందువాళ్లు చదువుతుంటే రెండు చెవులూ మూసుకుంటాను.