ముసలోడు ముందునుంచి వస్తాడు

ఆ రోజుల్లో నాకు ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు, దాన్ని ఆకలి అనుకునేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి లోపల ఏదో ఖాళీగా ఉన్నట్టుండేది. రెండు మిరపకాయ బజ్జీలు తినేవాణ్ణి. ఖాళీ అలాగే ఉండేది. ఇంకో రెండు తినేవాణ్ణి. (ఆ బజ్జీలకూ, ఇప్పుడు డాక్టరు నాకు నూనె వద్దనడానికీ ఏదో బంధుత్వం ఉందని నా అనుమానం.) డిగ్రీ ఇంగ్లీషు పేపరు దగ్గర నా చదువు ఆగిపోయి, కడపలో ఇంట్లో కూర్చొని వచ్చేపోయేవాళ్ళ చేత చీవాట్లు తింటుంటే, కర్నూల్లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో మేనేజరుగా ఉన్న మా చిన్నమామ జాలిపడి నన్ను పిలిపించి 'రెప్పు'ను చేశాడు. రెప్పంటే కంటిరెప్ప కాదు. సినిమా పెట్టెతో పాటు బస్సెక్కి ఊరికి పోయి, అది ఆడినన్నాళ్ళూ అక్కడే ఉండి, జనం ఎంతమంది వస్తున్నారో ఆఫీసుకు ఫోను చేసి చెప్పి, మళ్ళీ పెట్టెతో పాటే వెనక్కి వచ్చే మనిషి. కండక్టర్లు పెట్టెకు చోటు చూపించాక, మిగిలితే నాకు చూపించేవాళ్ళు.

నాకు పడిన మొదటి ఊరు పత్తికొండ. టమోటాల కాలం. ఊరంతా టమోటాల వాసన. "వారం రోజులు ఆడించుకొని రా అబ్బీ, ల్యాకుంటే అట్నుంచి అటే కడప బస్సెక్కు" అని మామ ముందే చెప్పి పంపాడు. కడప బస్సెక్కడం కన్నా నన్ను బాధపెట్టింది వేరే ఉంది. ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి లేడు. రెప్పు అంటే కంపెనీవాళ్ళు పంపిన గూఢచారి అని సినిమా హాలు వాళ్ళ నమ్మకం. నలుగురు నవ్వుకుంటున్న చోటికి నేను పోతే నవ్వు ఆగిపోయేది. ఇక మెస్సులో మరీ అన్యాయం. అక్కడ నాకు దొరికింది మూలనున్న చిన్న బల్ల, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. నేను కూర్చొని సంగటి ముద్దకు గుంట పెట్టుకునే లోపల ఎవరో ఒకరు వచ్చి, "ఈడ మనిషి ఉండాడాప్పా?" అని అడిగేవారు. లేడనేవాణ్ణి. "అయితే తీస్కుంటాండా" అని ఎదురు కుర్చీ ఎత్తుకొని తమవాళ్ళ బల్ల దగ్గరికి పోయేవారు. పూటకు ఒకసారి, రోజుకు రెండుసార్లు, నాతో ఆ ఊరు పలికిన మాటలు అవే. ఎవరైనా ఒక్కరు, ఒక్క పూట, ఆ కుర్చీ ఎత్తుకుపోకుండా దాంట్లో కూర్చొని నాతో అన్నం తింటే చాలుననిపించేది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ వారం నేను కోరుకున్నది అదొక్కటే.

సినిమా ఏదో దూరదేశానిది, తెలుగులోకి మాటలు మార్చింది. పేరు గుర్తుంది గానీ చెప్పను, ఇప్పటికీ ఆ పేరు వింటే మా మామ మంచం మీది నుంచి లేచి కూర్చుంటాడు. పెద్ద నగరంలో పెద్ద ముఠా. దొంగ సరుకు, బెదిరింపులు, హత్యలు. ఆ ముఠా నాయకుడి కారు నడిపే కుర్రవాడొకడు సాక్ష్యం చెప్పబోతుంటాడు. ముఠా దగ్గర కాలంలో ప్రయాణం చేసే యంత్రం ఒకటుంది. అందులోంచి ఒక ముసలివాడు వస్తాడు. వాడెవడో కాదు, ఆ కుర్రవాడే, ముప్పై ఏళ్ళ తరువాతివాడు. ఇద్దరికీ ఒకే మనిషి గొంతు అరువిచ్చాడు. (అది కథకు తగ్గట్టే ఉందనుకోండి, కానీ ముఠా నాయకుడికీ, పోలీసు అధికారికీ, ఒకచోట తలుపు చాటునున్న ఆడమనిషికీ కూడా అదే గొంతు.)

శుక్రవారం పొద్దున పెట్టె తెరిచాం. ఆపరేటరు పెద్దాయన, గడ్డానికి గోరింట పెట్టిన మనిషి, ఊరంతా 'చాచా' అనేది. పదకొండు డబ్బాల్లో తొమ్మిదింటి మీద నంబర్లున్నాయి. రెండింటి మీద చెరిగిపోయాయి. మూడోది, పదకొండోది లేవు. రీలు మొదట్లో నంబరుండే ముక్కలు, చివర పేర్లొచ్చే ముక్క, అన్నీ ఏ ఊళ్ళోనో ఎవరో కత్తిరించేశారు. చాచా రెండు రీళ్ళూ కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. ఒకదాని మొదట్లో ముసలివాడి మొహం. రెండోదాని మొదట్లో కుర్రవాడొక్కడే కూర్చొని తింటున్నాడు.

"ఏది ముందు బేటా?" అన్నాడు. నాకేం తెలుసు? నేనూ ఆ సినిమా చూడలేదు. పరుగెత్తుకొని పోయి బూత్ నుంచి మామకు ఫోను చేశాను. లైన్లో వాన కురుస్తున్నట్టు ఒకటే హోరు (కర్నూలు జిల్లాలో వాన ఫోన్లోనే ఎక్కువ కురిసేది).

"మామా, ముసలోనిది ముందా, కుర్రోనిది ముందా?"

"ముసలోడు ముందునుంచి వస్తాడంట అబ్బీ! కథంతా ఆడే ఉండాదంట! అది గుర్తు పెట్టుకో!" అని అరిచాడు మామ. లైను తెగిపోయింది.

ఇంతకన్నా స్పష్టంగా ఇంకెవరు చెబుతారు? వచ్చి, ముసలివాడి రీలు మూడోది, తినే కుర్రవాడిది చివరిది అన్నాను. "పక్కానా?" అన్నాడు చాచా. "పక్కా చాచా, మా మామే చెప్పినాడు" అన్నాను.

మూడో రీల్లో ముసలివాడు గుండెకు గుండు తగిలి, కుర్రవాడి ఒళ్ళో తల పెట్టి చచ్చిపోయాడు. నాలుగో రీల్లో వాడే తాపీగా కారు తోలుతున్నాడు. హాలు గొల్లుమంది. "ఏయ్, సచ్చినోడు మళ్ళా యాడినుంచి వొచ్చెరా!" అని ఒకరు, "గుండు సరింగ తగల్లేదు పో!" అని ఇంకొకరు. అలా పదో రీలు దాకా ఆ చచ్చినవాడు తిరిగాడు. చివరి రీల్లో కుర్రవాడొక్కడే హోటల్లో కూర్చొని ఏదో గుజ్జులాంటిది తాగుతుంటాడు. (జనం దాన్ని అంబలి అన్నారు.) పక్క గదిలో యంత్రం మెరుస్తుంది. ముసలివాడు వస్తాడు. ఎదురు కుర్చీ లాక్కొని కూర్చుంటాడు. "తిను, చల్లారిపోతుంది" అంటాడు. ఇద్దరూ మాట్లాడకుండా తింటారు. సినిమా అయిపోయింది.

రెండో రోజు ఆఖరి ఆట అయ్యాక హాలు యజమాని శెట్టిగారు నన్ను పిలిపించాడు. "ఏమప్పా రెప్పూ, నాకు దయ్యం సినిమా అంటగట్టినారే! రేపు మ్యాట్నీకి గూడా జనం ఇట్లే అరిస్తే పెట్టె ఎత్తుకొని పో. నేను దేవుని సినిమా ఏసుకుంటా." అప్పటికి నేను ఆ సినిమా ఎనిమిది ఆటలు చూసి ఉన్నాను. చూసేకొద్దీ దానికి అర్థం పుట్టుకొచ్చింది. "అది దయ్యం కాదు శెట్టిగారూ, దాంట్లో శానా అర్థం ఉండాది" అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అట్లయితే ఇంటర్వెల్లో ఆ అర్థం నువ్వే చెప్పప్పా, జనానికి" అన్నాడు.

ఆదివారం మ్యాట్నీ. టమోటాలు మార్కెట్లో దించేసి, ఖాళీ గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకొని కూర్చున్న రైతులతో సగం హాలు నిండింది. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు నా చేతికిచ్చి తెర ముందు నిలబెట్టారు.  మైకును నోటి దగ్గరికి తెచ్చుకొని మొదలుపెట్టాను. "మన కాడ ఒకడు సాక్ష్యం చెప్తానంటే అవతలి వర్గమోళ్ళు ఏం చేస్తారు? ఇంటికాడికొచ్చి బెదిరిస్తారు. ఈ ముఠావాళ్ళు ఇంకా తెలివైనోళ్ళు. వాడికి సాక్ష్యం చెప్పాలని బుద్ధి పుట్టకముందే వచ్చి బెదిరిస్తారు." జనంలో కాస్త కదలిక వచ్చింది. ముందు వరసలో తలపాగా పెద్దాయనొకడు లేచాడు.

"అది సరేప్పా. ముసలోడు యాడినుంచి వస్తాడు?"

"ముందునుంచి" అన్నాను, మామను తలుచుకొని.

"ముందంటే? మా తాత ముందా, మా మనవడు ముందా?"

 నిజమే, ముందు అంటే ఏది? 'ముందటేడు వాన పడింది' అంటే అయిపోయింది. 'ముందు ముందు పడుతుంది' అంటే రాబోయేది. పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాట, నడిహాల్లో నన్ను నిలదీసింది. "రెండూనూ!" అన్నాను, ఏం తోచక. "వాడికి ముందూ వెనకా ల్యాదు పెద్దాయనా. ఒకసారి సచ్చిపోయినా మళ్ళా వస్తాడు, మళ్ళా మళ్ళా వస్తాడు. ఎందుకంటే, వయసులో ఉన్నప్పుడు వాడికి తోడు ఎవరూ ల్యారని వాడికి ఒక్కడికే తెలుసు. అందుకని చివరాఖరికి వచ్చి, ఎదురుగా కూచొని, తోడు తింటాడు."   పెద్దాయన తలపాగా సర్దుకొని, "అట్ల చెప్పు మరి!" అని కూర్చున్నాడు.

చివరి రీలుకు ఆ రోజు ఎవరూ అరవలేదు. మరునాటి నుంచి జనం సినిమాకు కాక ఇంటర్వెల్‌కు రావడం మొదలుపెట్టారు. నాకు 'ముందెనకప్ప' అని పేరు పడింది. దారినపోతుంటే "ఏం ముందెనకప్పా, యాడికి పోతాండావు, ముందుకా ఎనక్కా?" అనేవారు. ఆ నవ్వులో నేనూ ఉండేవాణ్ణి. మంగళవారం మధ్యాహ్నం మెస్సులో ఆ తలపాగా పెద్దాయన వచ్చాడు. "ఈడ మనిషి ఉండాడా?" అన్నాడు. లేడన్నాను, అలవాటుగా. కుర్చీ ఎత్తుకోలేదు. కూర్చున్నాడు. "ఆ మిషను నీ కాడుంటే టమోటా రేటు ముందే సూసొచ్చి చెప్తువు గదప్పా" అన్నాడు. ఇద్దరం నవ్వుకుంటూ సంగటి తిన్నాం. ఆ సాయంత్రం నాకు బజ్జీలు తినాలనిపించలేదు.

గురువారం రాత్రి ఆఖరి ఆట అయ్యాక పెట్టె సర్దుతున్నాం. చాచా సుద్దముక్క తీసుకొని నంబర్లు లేని ఆ రెండు డబ్బాల మీద రాశాడు. ముసలివాడు చచ్చిపోయే డబ్బా మీద పదకొండు, అన్నం తినే డబ్బా మీద మూడు. నేను, "అటూ ఇటూ రాసినావు చాచా" అన్నాను.

"సరింగనే రాసినా బేటా. వారం దినాలు మనం తారుమారు ఏసినాం. ఆ ముసలోడు మూడో రీల్లో వొచ్చి, పదకొండులో సచ్చిపోతాడు. మాట ఒక డబ్బాలో తెగితే ఇంకో డబ్బాలో మొదలైతాది, రెండోనాడే నాకు తెలిసిపాయె."

నా నెత్తిన పిడుగు పడింది. మామ 'ముందునుంచి' అన్నది రాబోయే కాలం నుంచి అని! నేను విన్నది మొదటి నుంచి అని! ఒక ఊరికంతా మైకు పట్టుకొని లేని కథకు అర్థం చెప్పానన్నమాట. చచ్చిపోయి తిరిగి రావడమూ లేదు, తోడు తినడం ఆఖరూ కాదు. "మరి రెండోనాడే ఎందుకు చెప్పల్యా చాచా?" అన్నాను కోపంగా.

చాచా డబ్బా మూత నొక్కుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "చెప్దామనే అనుకుంటి. నువ్వు కేబిన్లోకి వొచ్చి, కిటికీలోనుంచి ఆ అన్నం తినే సీను సూసి కండ్లు తుడ్సుకుంటాంటివి. ఒకనాడు గాదు, రోజూ. ఇంగ యాడ చెప్పేది? నీకు అట్లే బాగుండాదని ఊరకున్నా."

 గూఢచారినని మొదటి రోజు నాతో మాటలు తగ్గించుకున్న మనిషి, వారమంతా నన్నే చూస్తున్నాడు. శుక్రవారం తెల్లవారి ఆయన పెట్టెను బస్సు మీదికి ఎక్కించి, నాకు కిటికీ పక్క సీటు కూడా చూశాడు.

అక్కడి నుంచి పెట్టె నందికొట్కూరు పోయింది. మొదటి ఆట సరైన వరసలో చూశాను. ముసలివాడు మొదట్లోనే వచ్చి తోడు తిని, చివర చచ్చిపోయాడు. కుర్రవాడు ఒక్కడే లేచి వంతెన మీద నడుచుకుంటూ పోయాడు. జనం చప్పట్లు కొట్టలేదు, అరవనూ లేదు. కథ అందరికీ అర్థమైంది, నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ పూట మెస్సులో నా ఎదురు కుర్చీ మళ్ళీ ఎవరో ఎత్తుకుపోయారు. రెండో ఆటకు ముందు కేబిన్‌లోకి పోయి, చాచా సుద్దతో రాసిన ఆ రెండు నంబర్లనూ బొటనవేలితో తుడిచేశాను. రెండో ఆటకు డ్యూటీ మారి వచ్చిన ఆపరేటరు "ఏది ఎనక?" అని అడిగితే, "అన్నం తినేది" అన్నాను. జనం గొడవ చేసి, మూడో రోజుకే సినిమా ఎత్తేశారు. మామ చెప్పినట్టే అట్నుంచి అటే కడప బస్సెక్కాను. నాకు దుఃఖం కలగలేదు.

ఇప్పుడు నా గడ్డం కూడా ఆ సినిమాలో ముసలివాడి గడ్డంలాగే నెరిసింది. అప్పుడప్పుడూ మిరపకాయ బజ్జీల వాసన వస్తే అనిపిస్తుంది, ఆ యంత్రం ఒక్కసారి నా చేతికి దొరికితే ముందుకు పోను, టమోటా రేటు నాకెందుకు? తిన్నగా ఆ శుక్రవారం మధ్యాహ్నం పత్తికొండ మెస్సుకు పోతాను. మూల బల్ల దగ్గర సంగటి ముద్దకు గుంట పెట్టుకుంటున్న ఆ రెప్పు ఎదురుగా కూర్చుంటాను. చదువు గురించీ, రాబోయేవాటి గురించీ ఏమీ చెప్పను. రీళ్ళు తారుమారయ్యాయని అసలే చెప్పను. "తిను, చల్లారిపోతుంది" అంటాను. ఎవరో వచ్చి, కుర్చీ మీద చెయ్యి వేసి, "ఈడ మనిషి ఉండాడాప్పా?" అని అడుగుతారు కదా, వాడు లేడనేలోపల నేనే చెప్తాను, "ఉండాడప్పా" అని.