గోడ మీది రాతకు అర్థం

తాండూరు నాపరాళ్ల మీద కూర్చుంటే ఎండకాలంలో కూడా నడుము పట్టేస్తుంది. ఆ మాటంటే ఊరు ఊరంతా నొచ్చుకుంటుంది కనుక ఇన్నేళ్లూ అనలేదు. మా మేనమామ ఇంట్లో నేలంతా అవే. పోలీసు చర్య అయిన రెండో మూడో ఏడు, ఓ సాయంత్రం ఆ నేల మీద నన్ను కూర్చోబెట్టి మామ వీధి తలుపు గడియ పెట్టాడు.

మామ తాలూకా కచ్చేరీలో ఉర్దూ గుమాస్తా. ఆయన రాసిన కాగితం అచ్చు వేసినట్టుండేది. నిజాం దిగిపోయాక కచ్చేరీలో ఉర్దూ కూడా మూట సర్దుకోసాగింది. మద్రాసు వైపు నుంచి కొత్త అధికారి వచ్చాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో గాని, కచ్చేరీలో ఇంగ్లీషే. వికారాబాదు నుంచి నన్ను పిలిపించింది అందుకే. మావాళ్లలో కాలేజీ చదివింది నేనొక్కణ్ణే. పైగా ఇంగ్లీషు నుడికారాలు ఎక్కడ పుట్టాయో వెతకడం నాకు సరదా. దానివల్ల అంతవరకు ఎవరికీ నష్టం జరగలేదు.

"అల్లుడా, సాబు నా కాయితాలు జూసి ఒక మాటన్నడు. మరువకుండ పట్టుకొచ్చిన." మామ పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో ముక్కా పలికాడు. "రైటింగ్. ఆన్ ది. వాల్."

"నువ్వేమన్నవ్ మామా?"

"ఏమంట? జీ హుజూర్, మెహర్బానీ అన్న."

పాత కచ్చేరీ మర్యాద అది. పైవాడు ఏమన్నా లేచి నిలబడి ఆ మాటే అనాలి. ఆ ఇంగ్లీషు మాటతో సాబు కొలువుకు రోజులు దగ్గరపడ్డాయని చెబితే, మామ ధన్యవాదాలు చెప్పి వచ్చాడన్నమాట.

అర్థం చెప్పే ధైర్యం లేక, ఆ నుడికారం పుట్టుక ఎత్తుకున్నాను.

"ఎనకట ఒక రాజు. విందు నడుస్తుంటె ఒట్టి చెయ్యి ఒకటొచ్చి గోడ మీద రాసింది. చెయ్యే, మనిషి లేడు."

మామ గోడ వైపు చూశాడు. "ఏమని?"

"ఎవ్వరికీ చదవరాలే. బందీగ తెచ్చినోడు ఒకాయన ఉంటె, పిలిచి చదివించిండ్రు."

"చదివినోణ్ణి ఏం జేసిండ్రు?"

"బహుమానమిచ్చిండ్రు."

"మంచిగైంది. మరి రాజు?"

రాజు ఆ రాత్రే చచ్చాడు. ఆ ముక్క పక్కన పెట్టి, ఆ గోడకు వేసిన సున్నం గురించి, ఆ విందులో వెలిగించిన దీపాల గురించి, నాకు తెలియనివన్నీ చెప్పాను. నేను చెప్తున్నకొద్దీ మామ ముఖంలో నెత్తురు ఇంకిపోతోంది. ఇంతలో ఎవరో తలుపు కొట్టారు. కచ్చేరీ జవాను కాగితం తెచ్చాడేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. పాలాయన.

పాల చెంబు అందుకోవడానికి వచ్చిన అత్త, లోపలికి పోకుండా అక్కడే నిలబడి నన్ను చూసింది.

"రాజు ముచ్చట మాకెందుకు పిల్లగా. గీయన నౌకరి ఉన్నదా, పోయిందా, గది జెప్పు."