మూడు బుటాల్లో ఒకే తప్పు

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఒక చీరని నేను కావాలనే పాడుచేశాను.

కాకినాడ దాటాక సముద్రం పక్క ఊరు మాది. మా ఇంట్లో గుంట మగ్గం మీద బుటాల చీరలు నేసేవాళ్లు. ఆ చీరకి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒక్కో పువ్వు బుటాకీ పోగులు లెక్కపెట్టుకుంటూ చిన్న కండెతో దారం ఎక్కించాలి. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నడుం విరగ్గొట్టుకుంటే జానెడు సాగుతుంది. కుడి పక్క నాన్న, ఎడమ పక్క అమ్మ. నేను పుట్టకముందు నుంచీ అంతే.

ఆ ఏడు నా ఇంటర్ అయిపోయింది. కాకినాడలో నర్సింగులో సీటొచ్చింది. చేరడానికి ఇంకా ఇరవై రోజులుంది. సరిగ్గా అప్పుడే అమ్మకి కీళ్ల జ్వరం పట్టుకుంది. మోకాళ్లు వాచిపోయి గుంటలోకి కాళ్లు దించలేకపోయింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. నాన్న నన్ను అమ్మ చోట కూర్చోమన్నాడు. ఈ ఒక్క చీరకే అన్నాడు. ఈ ఒక్కటే అని మొదలెట్టి ఆ గుంటలోనే ఉండిపోయినవాళ్లు మా వీధిలో ఇంటికొకరున్నారు. మా పెద్దమ్మ కూతురు అలాగే కూర్చుంది, ఇంకా లేవలేదు.

ముళ్ల మీద కూర్చున్నట్టుండేది నాకు. కాలు ఊపితే నాన్న కసిరేవాడు. రోడ్డు మీద బస్సు హారన్ కొడితే చాలు, చెయ్యి ఆగిపోయేది. పైగా వచ్చేపోయేవాళ్లందరూ తొంగి చూసి, పిల్ల చెయ్యి బాగుందే, అచ్చం తల్లి పనితనమే అని మెచ్చుకోవడం. ఒళ్లు మండిపోయేది. నా కొంప ముంచడానికే మెచ్చుకుంటున్నారనిపించేది.

అప్పుడు పుట్టింది ఆ పాడు బుద్ధి. పని చేతకాదని తేలితే నాన్నే లేచిపొమ్మంటాడుగా! మర్నాడు నాన్న తన వైపు బుటా మీద తలొంచుకుని ఉండగా, నా బుటాలో ఒక పోగు వదిలేశాను. పువ్వు అంచు కాస్త వంకరపోయింది. తర్వాతి బుటాలోనూ వదిలాను. ఆ తర్వాతిదాంట్లోనూ. చెయ్యి ఆపలేదు.

సాయంత్రం మగ్గం దిగే ముందు నాన్న నా వైపు బట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపాడు. మొదటి బుటా దగ్గర ఆగాడు. రెండోదాని దగ్గరా, మూడోదాని దగ్గరా ఆగాడు. తిడతాడని చూశాను. తిట్టినా బావుండేది.

"పని రాని చెయ్యి ఒక్కోసారి ఒక్కోచోట తప్పుతుందమ్మా. నువ్వు మూడిట్లోనూ ఒకే పోగు వదిలావు. తప్పుని ఇంత శుద్ధంగా నెయ్యాలంటే పని ఎంత బాగా రావాలో నాకు తెలుసు," అన్నాడు. బట్ట మీంచి చెయ్యి తీసి, "వెళ్తానని నోటితో చెప్పొచ్చుగా," అన్నాడు.

ఏడుపు ఆగలేదు నాకు. వెళ్తాను నాన్నా అని అప్పుడు చెప్పాను, అదీ ముక్కు చీదుకుంటూ.

మర్నాడు ఇద్దరం కలిసి ఆ మూడు బుటాలూ విప్పేశాం. మళ్లీ నేశాను. చీర దిగేదాకా ఒక్క పోగు తప్పలేదు. అంత బాగా వస్తోందని నాకే భయమేసింది.

నేను కాలేజీలో చేరిన వారానికే నాన్న మగ్గానికి సాదా చీర పడుగు ఎక్కించాడని అమ్మ ఫోన్లో చెప్పింది. బుటాలు మానేశారా, ఎందుకూ అని అడిగాను, తెలిసి కూడా.

సాదా చీరకి పక్కన మనిషి అక్కర్లేదు కదమ్మా, అంది.