ఎర్రదీపం మీద గంధం బొట్టు

1985 మే 17, శుక్రవారం. నూజివీడు నుంచి బందరుకు ప్రయాణం. కారులో ఉన్నవారు: కారు యజమాని మా అన్నయ్య, ముందు సీట్లో. పక్కన డ్రైవరు. వెనక సీట్లో మా చెల్లెలు, నేను. డిక్కీలో చిన్నరసాల మామిడిపళ్ల బుట్టలు, పట్టక మిగిలిన ఒక బుట్ట మా చెల్లెలి కాళ్ల దగ్గర.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాయగలిగాను. మిగతాది రాయబోతే కలం కాగితాన్ని చింపేలా ఉంది, మూసేశాను. నేను ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. మా అన్నయ్య ఇప్పుడు లేడు. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. నాకు ఉంది. ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ముందు ఆ దీపం సంగతి చెప్పాలి. కార్లో స్టీరింగు దగ్గర, స్పీడు చూపించే ముల్లు పక్కన చిన్న ఎర్రదీపం ఒకటి ఉంటుంది. తాళం తిప్పగానే వెలగాలి. ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా వెలిగిందంటే ఇంజన్లోకి నూనె అందడం లేదని అర్థం. అప్పుడు చేయవలసింది బండి పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజన్ ఆపేయడం. చల్లారాక నూనె ఎంతుందో చూసి, తక్కువైతే పోయాలి. పోసినా దీపం ఆరకపోతే తాడు కట్టి లాక్కెళ్లాలి తప్ప మళ్లీ స్టార్టు చేయకూడదు. ఇంతే. దీనికి చదువు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. మా అన్నయ్య ఆ కళ్లకే గంతలు కట్టాడు.

ఎలాగంటే, ఆ ఏడాది పూత నిలబడి పిందె పడే రోజుల్లో తోట కాపు కొనడానికి చింతలపూడి నుంచి ఒక బేరగాడు వచ్చాడు. అన్నయ్య అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ముసునూరు దగ్గరున్న మా తోటకు తీసుకెళ్లాడు. దారిలో ఎర్రదీపం మిణుకుమంది. బేరగాడు దాన్ని చూసి, "ఏంటండీ, బండికి దీపారాధన చేయిస్తున్నారు?" అన్నాడట.

మా వైపు తోట బేరానికి వచ్చినవాడు చెట్టును ఒకసారి చూస్తే, తోట గలవాణ్ణి రెండుసార్లు చూస్తాడు. అరుగు మీద సున్నం పెచ్చులూడిందా, పంచె నలిగిందా, కారు మూలుగుతోందా అని. మనిషికి అవసరం ఉందని పసిగట్టాడా, అక్కడినుంచి బేరం కిందికి దిగడమే. అందుకని మర్నాడే అన్నయ్య గంధం అరగదీయించి, రూపాయి బిళ్లంత ముద్ద ఆ దీపం మీద మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాడు. చూసేవాళ్లకు పూజ చేసిన బండి. బేరం కుదిరింది.

అక్కడితో తుడిచేసి, ఇంజన్ విప్పించి ఉంటే నేనిది రాసేవాణ్ణే కాదు. బొట్టు పెట్టాక బేరం కుదిరింది కాబట్టి బొట్టు కలిసొచ్చిందన్నాడు. దాచడానికి పెట్టినదానికి దణ్ణం పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి శుక్రవారం పాత గంధం మీదే కొత్త గంధం. వేసవి వచ్చేసరికి అది గోడమీది పిడకలా తయారైంది.

ఇక మా చెల్లెలు. టీచరు ట్రెయినింగ్ అయి ఏళ్లు గడిచాయి. అంతకుముందు రెండుసార్లు ఇంటర్వ్యూకు పిలిచారు. ఒకసారి తోటలో కోతలున్నాయనీ, ఇంకోసారి దూరమనీ అన్నయ్య ఆపేశాడు. "తోట పెట్టుకుని ఒకరి దగ్గర జీతానికి చెయ్యాలా?" అనేవాడు. ఈసారి ఇంటర్వ్యూ బందరులో. ఇదీ పోతే ఇక వయసు దాటిపోతుంది. అది తెలిసే బెజవాడలో నా ఆఫీసుకు సెలవు పెట్టి, నేను దగ్గరుండి తీసుకెళ్తానని వచ్చాను. బస్సులో వెళ్దామనుకున్నాం. "మనింటి ఆడపిల్ల పెద్దాఫీసుకు బస్సులో వెళ్తుందా? పరువేం కావాలి?" అని అన్నయ్య కారు తీయించాడు.

బయల్దేరే ముందు షెడ్డులో కారు కింద ఇసుక నల్లగా తడిసి ఉండడం చూశాను. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు.

"ఆయిల్ లైటు ఏదయ్యా?" అని అడిగాను.

"గంధం కింద ఉందండీ."

"వెలుగుతోందా?"

"కింద ఉంది కదండీ, ఎలా తెలుస్తుందండీ."

"నూనె చూశావా మరి?"

అతను అరుగు వైపు చూశాడు. అన్నయ్య అక్కడినుంచే, "పొద్దున్నే మొదలెట్టాడు. ఒరేయ్, నువ్వు బెజవాడలో ఆఫీసరువేమో, ఇక్కడ కాదు. మొన్ననే పోశాడు, ఎక్కు," అన్నాడు.

మొన్న అంటే ఎప్పుడని డ్రైవర్ని అడిగితే, "ఉగాది ముందండీ," అన్నాడు మెల్లగా.

బానెట్ ఎత్తమన్నాను. చెయ్యి కాలుతుందన్నాడు అన్నయ్య, అప్పటికింకా స్టార్టు చేయని ఇంజనుకు. బుట్టలు సర్దడంతో ఎలాగూ ఆలస్యమైపోయింది, ఇక బానెట్ ఎత్తనేలేదు. మామిడి రోజుల్లో మావాళ్లు ఊరు దాటితే చేతిలో కాయ లేకుండా దాటరు. దారిలో ఒక స్నేహితుడికి, బందరులో మా పిన్నికి, ఇంకా ఎవరెవరికో. మా చెల్లెలు ఫైలు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కకి తిరిగి కూర్చుంది.

"పెద్దన్నయ్యా, ఇంటర్వ్యూ నాకా, కాయలకా?" అంది.

"కాయలు ముందుంటే పనులు వెనకే వస్తాయమ్మా. నీకు లోకం తెలీదు."

స్నేహితుడి ఇంటి దగ్గర బుట్ట దించి, కాఫీ తాగి, ఎండు తెగులు గురించి మాట్లాడి, అన్నయ్య తీరిగ్గా వచ్చి ఎక్కాడు. అక్కడినుంచి కొంత దూరం వెళ్లామో లేదో ఇంజన్లో గుల్ల శబ్దం మొదలైంది. రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు. వేడి వాసన.

"ఆపు," అన్నాను.

డ్రైవరు అన్నయ్య వైపు చూశాడు. "జంక్షన్ దగ్గర మెకానిక్కి చూపిద్దాం, పోనీ," అన్నాడు అన్నయ్య.

"జంక్షన్ దాకా రాదన్నయ్యా. ఇప్పుడాపితే నూనె పోసుకుని వెళ్లొచ్చు."

"నీకేం తెలుసురా కార్ల గురించి? సైకిలుందా నీకు?"

నేను సీటు మీంచి ముందుకు వంగి, బొటనవేలితో ఆ గంధం గీకేశాను. అట్ట కట్టినట్టు ఊడొచ్చింది. కింద దీపం నిప్పుకణికలా వెలుగుతోంది. ఎన్నాళ్లనుంచి వెలుగుతోందో.

మా అన్నయ్య దీపం వైపు చూడలేదు. నా వేలి వైపు చూశాడు. "శుక్రవారం పూట, ఆడపిల్ల పని మీద పోతుంటే బొట్టు చెరుపుతావా? నువ్వు మనిషివేనా?"

"తాళం తిప్పేయవయ్యా," అని డ్రైవర్ని కసిరాను. అతని చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగింది. పెద్దయ్యగారు చెప్పాలి కదా. పెద్దయ్యగారు నన్ను తిట్టడంలో ఉన్నారు. ఆ తిట్లు పూర్తికాకముందే ఇంజన్ కటుక్కుమని పట్టేసింది. కారు కొంచెం జారి, బాపులపాడు ఇంకా రాకముందే, రెండు పక్కలా తోటలున్నచోట నిలిచిపోయింది.

అన్నయ్య దిగి, మళ్లీ స్టార్టు చేయమన్నాడు. కదల్లేదు. ఇంకోసారి చేయమన్నాడు. చచ్చినదాన్ని కూడా వదలడా అనిపించింది నాకు.

అంతలో పక్క తోటలోంచి కోసిన కాయతో ట్రాక్టరు రోడ్డెక్కింది. వెనక గడ్డి మీద కాయలు, అంచున కోతకు వచ్చిన ఆడవాళ్లు. మా చెల్లెలు ఎవర్నీ అడగలేదు. ఫైలు తీసుకుని చెయ్యెత్తింది. ట్రాక్టరు ఆగింది.

"ఏమే, మామిడికాయల ట్రాక్టరు ఎక్కుతావా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు అన్నయ్య.

"కాయల్ని కారెక్కించావుగా పెద్దన్నయ్యా. నేను ట్రాక్టరెక్కితే సరిపోద్ది."

పైనున్న ముసలావిడ చెయ్యందించింది. "రామ్మా, రా. ఇటు కూకో. అటు కూకోమాక, సొన కారతంది, చీర పాడయిపోద్ది." చీర అప్పటికే పాడైంది. ఎక్కేటప్పుడు కొంగు కాయల మీద పడింది. నేనూ ఎక్కాను. అన్నయ్య రోడ్డు మీద నిలబడి నా మీదే అరుస్తున్నాడు.

జంక్షన్లో బస్సులన్నీ పెళ్లిళ్ల జనంతో కిక్కిరిసి వచ్చాయి. రెండు ఆపకుండా పోయాయి. గుడివాడలో ఇంకోటి మారాం. బందరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆఫీసు వరండాలో గుమాస్తా రిజిస్టరు చూసి, "పిలిచామమ్మా. రాలేదని రాసేశాం," అన్నాడు. మా చెల్లెలు ఫైలు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆమె నిలబడ్డ తీరు చూసి అతనే మెత్తబడి, "రేపు ఇంకో జాబితా ఉంది. పొద్దున్నే వచ్చి కూర్చోండి. సారు వింటే విన్నట్టు," అన్నాడు.

సాయంత్రం పిన్ని ఇంటికి చేరాం. వట్టి చేతులతో వెళ్లాం. దీపాలు పెట్టే వేళకు ఒక టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి మా అన్నయ్య, వెనకే బుట్టలతో డ్రైవరు దిగారు. కారు రోడ్డు పక్కన దిక్కులేకుండా పడి ఉంది. మామిడిపళ్లు మాత్రం ఒక్కటీ నలగలేదు.

అన్నయ్య మంచినీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, పిన్నికి మొదలుపెట్టాడు. "బంగారంలాంటి బండి పిన్నీ. మాఘమాసం నుంచీ ఆ బొట్టు ఉంది, ఒక్కనాడూ ఆగలేదు. వీడు చెరిపాడు, ఆగింది." డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. బొట్టు తుడిచాకేగా ఆగింది?"

డ్రైవరు నేల చూస్తూ, "అవునండీ. తుడిచాకే ఆగిందండీ," అన్నాడు.

అబద్ధం కాదు మరి. తుడిచాకే ఆగింది. ఆ మాట విని నా ఒళ్లు మండిపోయింది. ఊపిరాడక పోయినవాడి ముక్కుమీది గుడ్డ తీసినవాణ్ణి పట్టుకుని వీడే చంపాడన్నట్టుంది. పిన్ని నావైపు జాలిగా చూసి, "ఎందుకు తుడిచావురా నాయనా, ఉండనీయకపోయావా," అంది. నేను ఇంజను గురించి చెప్పబోయాను. ఎవరికి కావాలి ఇంజను? బొట్టు కథ ఎంత బాగుంది. ఇప్పటికీ మా బంధువుల్లో కొందరు అదే కథ చెప్పుకుంటారు, నేను పక్కన ఉండగానే.

మా చెల్లెలు వంటింటి గడప దగ్గర కూర్చుని, కొంగుకు కొబ్బరినూనె రాసి సొన మరక రుద్దుతోంది. తలెత్తకుండా అంది: "పిన్నీ, దీపం ఆర్పుకోవడం చేతగాక దానికి బొట్టు పెట్టినవాడు చెబుతుంటే వింటున్నావు. రేపు నాకూ పెడతాడు చూడు, నోరు కనబడకుండా."



మర్నాడు పొద్దున అన్నయ్య తెల్లపంచె కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక బుట్ట టాక్సీలో పెట్టించాడు. ముందు ఆఫీసరు ఇంటికి వెళ్లి బుట్ట ఇచ్చి, ఆ తర్వాత ఆఫీసుకట. "ఎవరైనా వట్టి చేతులతో అడుగుతారా?" అన్నాడు.

"బుట్ట దిగితే నేనెక్కుతా," అంది చెల్లెలు.

బుట్ట దిగలేదు. మేమిద్దరం నడిచి వెళ్లాం. మరక పోని చీరే కట్టుకుంది, ఇంకోటి తెచ్చుకోలేదు కనుక. వరండాలో అందరికంటే ముందు కూర్చుంది. లోపలికి పిలిచినప్పుడు నేను కిటికీ పక్కన ఉన్నాను. నిన్న ఎందుకు రాలేదని అడిగారు. "కారులో ఎర్రదీపం వెలిగిందండీ. మావాళ్లు దానిమీద బొట్టు పెట్టి నడిపారు," అంది. లోపల ఎవరో నవ్వారు. "ఇవాళ ఎలా వచ్చారు?" అన్నారు. "నడిచి వచ్చానండీ."

బయటికి వచ్చి, "కాగితాలు తీసుకున్నారు చిన్నన్నయ్యా. వచ్చే నెలలో చేరమన్నారు," అంది. గొంతు మామూలుగానే ఉంది.

గేటు దగ్గర టాక్సీ. బుట్ట పట్టుకుని అన్నయ్య. ఆఫీసరు ఇంట్లో గుమ్మంలోంచే పంపేశారని తర్వాత తెలిసింది. సంగతి విని, ముఖం విప్పార్చుకుని, "చూశారా, చేసిన పూజ ఊరికే పోలేదు," అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా చెల్లెలు నన్ను దాటుకుని టాక్సీలోకి వంగింది. స్టీరింగు పక్కన, ఆ దీపం ఉండేచోట, పిన్ని దేవుడి గదిలోంచి కుంకుమ తెచ్చి అన్నయ్య పెట్టిన తాజా బొట్టు. మరకైన కొంగుతోనే దాన్ని శుభ్రంగా తుడిచి, వెనక సీట్లో కూర్చుంది.

"ఇప్పుడు తాళం తిప్పండి," అంది టాక్సీ అతనితో.

ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ అందుకోగానే ఆరిపోయింది. నేనూ ఎక్కాను. అన్నయ్య ఎక్కలేదు. బుట్ట పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.