వట్టివేళ్ల అత్తరు

రెజిమెంటల్ బజారులో అత్తరు దుకాణం ముందునుంచి వెళ్లాల్సి వస్తే నేను ఇప్పటికీ రోడ్డు అవతలికి దాటుతాను. అయినా వట్టివేళ్ల వాసన వెంటపడుతుంది. దానితోపాటు కరుణమ్మ టీచరుగారు నా వెనకే నడిచి వస్తున్నట్టుంటుంది. తిరిగి చూడను.

గుంటూరు వైపు నుంచి మిషను బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చిన నన్ను తన ఇంట్లో ఉంచుకున్నది ఆవిడే. పిల్లల ముందు ఎలా నిలబడాలో, కోపం వస్తే గొంతు ఎలా తగ్గించాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆదివారం బడిలో ఆవిడ పొరుగువారిది ఏదీ ఆశించవద్దనే పదో ఆజ్ఞ చెబితే పిల్లలు పక్కవాడి బలపం వంక కూడా చూసేవారు కాదు.

పోలీసు యాక్షన్ భయానికి పక్కింటి జుబేదా, నేను పిన్నిలా భావించి ఖాలా అని పిలిచే మనిషి, పిల్లలతో బంధువుల ఊరికి బయలుదేరింది. తలుపు మీద సిలువ ఉన్న ఇంటి జోలికి ఎవరూ రారని నమ్మి, తన తాళంచెవి టీచరుగారి చేతిలో పెట్టింది. "మా అమ్మీ అత్తరు సీసా గా పెట్టెల ఉన్నది, జెర పైలం అక్కా," అన్నది. చనిపోయిన తల్లి గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే.

మొదట్లో టీచరుగారు ఆ ఇంటికి గాలి తగలాలని కిటికీలు తెరిచి వచ్చేవారు. తర్వాత అక్కడి కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోసాగారు. ఒకరోజు సీసా ఒలికిందేమో చూడాలని పెట్టె తీశారు. "చూస్తే తప్పేముందే, మనకు అప్పజెప్పిందే కదా," అన్నారు నాతో. మూత తీస్తే వేలికి అంటింది. అంటినదాన్ని తుడిచి పారేయడం దేనికని మెడకు రాసుకున్నారు. ప్రతిసారీ ఆవిడ దగ్గర ఒక మంచి కారణం ఉండేది. చర్చిలో ఆవిడ పక్కన మోకరించి కళ్లు మూసుకుంటే, ఆ వాసనకు మా ఇద్దరి మధ్య మరో ముసలావిడ మోకరించినట్టుండేది. నాకు భయం వేసేది.

ఖాలా తిరిగొచ్చిన మధ్యాహ్నానికి సీసా ఖాళీ. దొంగలు పడ్డారని, పెట్టె తెరిచి సీసా ఎత్తుకుపోయారని టీచరుగారు మెల్లగా చెప్పారు. ఆవిడ నోట అబద్ధం వినడం నాకదే మొదలు. ఖాలా ఏడుస్తూ ఆవిడను కావలించుకుంది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. భుజం మీద ముఖం ఆనించి చాలాసేపు ఊపిరి పీల్చింది.

"మా అమ్మీ గీడనే ఉన్నట్టున్నది అక్కా," అన్నది.

ఇంకేమీ అడగకుండా తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది.

టీచరుగారు సబ్బు అరిగేదాకా మెడా చేతులూ కడుక్కున్నారు. "పోయిందా?" అని నన్నడిగారు. పోలేదండీ అన్నాను. ఆఖరి జబ్బులో మంచం మీద నుంచి కూడా అదే అడిగేవారు. అంత మంచి మనిషి అలా అడుగుతుంటే నా గుండె తరుక్కుపోయేది.

మొన్న మా పక్కింటివాళ్లు తాళంచెవి నాకిచ్చి ఊరెళ్లారు. పాపం, ఇంటికి గాలి తగలాలి కదా అనుకుంటూ లేచి గుమ్మం దాకా వెళ్లాను. అక్కడ ఆగి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను.