తెర మీద మీ తాత పడవ

పిల్లలూ, నిరుడు గాలివానకు డ్యామ్‌లో పడవ బోల్తాపడి మీ తాత పోయాడు. ఈ చలికాలం ఒక పొద్దున మీ మేనత్త సుజాత తన చేపల పడవలో కొత్త రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించింది. చుట్టుపక్కల ఏ పడవ ఎక్కడుందో అది చూపిస్తుంది. నేను పక్కనే కూర్చున్నాను. బయటంతా మంచు. తెర మీద ఒక గుర్తు మావైపే వస్తోంది. దాని పేరు 'రాజవ్వ'. మీ తాత తన పడవకు పెట్టుకున్న నా పేరు.

"అవ్వా, గది బాపు పడవనే!" అంటూ సుజాత ల్యాప్‌టాప్‌ను నావైపు తిప్పింది.

ఆయనను కళ్లారా చూసి కాటికి సాగనంపినదాన్ని. అయినా కొంగు సర్దుకున్నాను.

మంచులోంచి మా మరిది మల్లేశం పడవ బయటపడింది. సుజాత కేకేసి తెర మీది పేరు సంగతి చెప్పింది. "పరేషాన్ గాకు వదినె! అన్న పడవలున్న, జాడ చెప్పే డబ్బా నాకే ఇస్తిరి గదా. దాంట్ల పేరు మార్చుడు యాది మరిచిన. ఇయ్యాల్నే మార్పిస్త."

"ఉండనియ్యి," అన్నాను.

ఇప్పటికీ తెర మీద ఆ పేరు ఒడ్డుకు చేరేదాకా నేను చాయ్ తాగను.